బర్మా భూతం పడే మూల

మెడ మీద మస్తానయ్య మోకాలు ఉన్నంతసేపూ అల్లావుద్దీన్‌కు హాయిగా ఉంటుంది. చూసేవాళ్ళకు మాత్రం అతని ప్రాణం ఇప్పుడో ఇంకాసేపటికో పోయేటట్టు కనిపిస్తుంది, కనిపించాలి కూడా, టిక్కెట్టు కొన్నది అందుకే గదా. కానీ మస్తానయ్య మోకాటిని మెడకూ భుజానికీ నడుమనున్న మెత్తటి చోట ఊరికే ఆనించి, బరువంతా రెండో కాలి మీద వేసుకొని కూర్చుంటాడు, అట్లా కూర్చోవటం నేర్పింది కూడా అల్లావుద్దీనే, అందువల్ల కిందనున్నవాడికి అది కుస్తీ కాదు, పగటిపూట కాస్త నడుం వాల్చటం. అరచేత్తో గోదా మీది పట్టాను దబదబా బాదుతూ, ఉండుండి ఒక మూలుగు మూలిగితే సరిపోతుంది. మిగతా బుర్రంతా ఖాళీ. అది ఎక్కడికి పోతానంటే అక్కడికి పోవచ్చు. పట్టా కింద పరిచింది అల్లూరు మొలగొలుకుల వరిగడ్డి, కుప్ప నూర్చి ఎన్నాళ్ళో కాలేదు, చెంప ఆనిస్తే కొత్త బియ్యం వార్చిన గంజి వాసన, దాని వెనకే ఇసకపల్లి వైపు నుంచి వచ్చే ఉప్పుగాలి. ఏ ఊరి గడ్డి మీద పడ్డామో కళ్ళు మూసుకొని చెప్పగలడు. బోగోలు గడ్డి గుచ్చుకుంటుంది. కోట గడ్డి అయితే సొంత ఊరిది కాబట్టి ఎంత గుచ్చుకున్నా ఊరుకోవాలి. అల్లూరు గడ్డి ఒక్కటే అల్లుడికి పక్క వేసినట్టు ఉంటుంది, ఆ మాట అనుకోగానే మాత్రం అతని హాయి కొంచెం పక్కకు జరిగింది, ఎందుకంటే తాను నిజంగానే ఈ ఊరికి అల్లుడు, ఆడవాళ్ళ వైపు ముందు వరసలో ఈతచాప మీద కూర్చున్నది అత్త ఆమినాబీ, ఇంకాసేపట్లో ఈ మస్తానయ్యే తన తలకున్న ముసుగు లాగేస్తాడు.

ముసుగు లాగకుండా కుదరదు. ఏ ఊళ్ళో ఆట వేసినా ఆఖరు రోజు గంటసేపు కుస్తీ, ఆఖర్న ముసుగు తీయటం, తర్వాత ఎత్తి కుదేయటం. ఊళ్ళో బండి కట్టుకొని తిరుగుతూ రేకు గొట్టంలో నరసయ్య అరిచేది ఆ సంగతే. నరసయ్య ఈ ఆటకు యజమాని, పిలుపుగాడు, కథకుడు, అన్నీ తానే. కుర్రతనంలో తోలుబొమ్మలాటలో కేతిగాడికి గొంతిచ్చినవాడు; బొమ్మలు చినిగిపోతే ఈ పని పట్టుకున్నాడు, బొమ్మలకైతే అన్నం పెట్టే పని లేదు, మీకు పెట్టాలి, అంతే తేడా అంటాడు. ఒట్టి కుస్తీ ఎవడు చూస్తాడయ్యా, ఇద్దరు మగాళ్ళు నూనె పూసుకొని కరుచుకుంటే మన కొట్టాంలో దున్నపోతులు చాలవా, జనానికి కోపం రావాలి, కోపం రావాలంటే కారణం చెప్పాలి అంటాడు. అందుకని మొదటి రోజు కారణం, రెండో రోజు అన్యాయం, మూడో రోజు ముసుగు. మొదటి రోజు చెప్పాడు: ఈ బర్మా భూతం రంగూను రేవులో దుంగను నోట కరుచుకొని సముద్రంలో దూకి, ఇసకపల్లి దగ్గర ఒడ్డెక్కినాడు, తెలుగు రాదు, ఉప్పు తినడు, ముసుగు కింద మొహం లేదు, చూసినవాళ్ళకు అన్నం సయించదు. ఇసకపల్లి నుంచి వచ్చిన పట్టపువాళ్ళు, ఔను, ఆ దుంగ మా వలలోనే పడింది అన్నారు. నరసయ్య కూడా ఒక్క క్షణం నోరు తెరిచి, వెంటనే దండం పెట్టాడు, తన అబద్ధానికి అడగని సాక్ష్యం వచ్చినప్పుడు దండం పెట్టటం అతని మర్యాద. రెండో రోజు భూతం, పెన్నా కేసరి మస్తానయ్య మెడలో ఊరివాళ్ళు వేసిన బంతిపూల దండ తెంపి నమిలాడు. చేదు. బంతిపువ్వు అంత చేదని జనానికి తెలియదు, భూతం మొహం మీద, అంటే ముసుగు మీద, ఏ మార్పూ కనిపించకూడదు గదా, ఆ పూట తిన్నదేదీ రుచి తెలియలేదు.

"అన్నా, నిద్రపోతుండావా?" మస్తానయ్య చెవి దగ్గర గుసగుసలాడాడు. జనానికి అది పళ్ళు నూరినట్టు వినపడుతుంది.

"లేదబ్బయా. అత్తను చూస్తుండా."

"ఏం జేస్తావుంది?"

"బొంత కుడతావుంది."

నిజమే, ఆమె బొంత కుడుతూనే ఉంది. ముసుగు బొక్కల్లోంచి కంటికి ఆనేది కొంచెమే, అయినా ఒళ్ళో రంగురంగుల పీలికలు, పైకీ కిందికీ పోయే సూది కనపడుతున్నాయి. పరుపులూ బొంతలూ కుట్టే ఇల్లు అది, మామ పత్తి ఏకుతాడు, ఆమె కుడుతుంది. ఆ చేతిలో సూది లేకుండా అల్లావుద్దీన్ ఆమెను ఎప్పుడూ చూడలేదు, పెళ్ళిలో కూడా చూడలేదు, నిఖా చదువుతుంటే ఆమె ఎవరి రవిక చంకో బిగిస్తూ కూర్చుంది. పక్కన బీజాన్, కొంగు నోట్లో కుక్కుకొని. ఆ కొంగు భయానికి కాదు, నవ్వు ఆపుకోవటానికి. బీజాన్‌కు అంతా తెలుసు. పెళ్ళయిన నెలలోనే చెప్పేశాడు, నేను గెలిచేవాణ్ణి కాదు, ఓడేవాణ్ణి, రోజూ ఓడతాను, ఆదివారం ఎక్కువ ఓడతాను అని. ఆమె విని, దెబ్బ తగలదు గదా అని అడిగి, తగలదంటే అన్నం వడ్డించింది. చెప్పలేనిది అత్తకే.

ఆ చిక్కంతా ఒక్క 'ఊఁ'తో వచ్చింది. పెళ్ళయిన మర్నాడు పొద్దున పళ్ళెంలో పూరీలు, కీమా. నోటినిండా ఉన్నప్పుడు అత్త అడిగింది, కుస్తీలు పడతావంట గదా నాయనా, గెలుస్తావా అని. నోరు ఖాళీగా ఉంటే నిజం చెప్పేవాడేమో. ఊఁ అన్నాడు. ఇంకో పూరీ వేసింది. మూడోనాటికి ఆ ఊఁకు కాళ్ళు వచ్చాయి, నెలకు మీసాలు వచ్చాయి. మద్రాసులో ఒకడున్నాడత్తా, కట్టెల అడితిలో త్రాసెక్కితే రాళ్ళు చాలక అవతలి తట్టలో ఎద్దును నిలబెట్టినారు, ఎద్దే పైకి లేచింది. వాణ్ణి ఎత్తి కుదేసినాను. ఆ అదురుకు పక్కవీధిలో పులిసి పొంగిన ఇడ్లీపిండి గిన్నెలో కుంగిపోయింది. అత్త సూది ఆపి, అయ్యో, మరి ఆ పిండిగలామె పొద్దున్నే ఏం పెట్టింది బిడ్డలకు అని అడిగింది. నేనే మళ్ళీ రుబ్బించి ఇచ్చినాలే అత్తా అన్నాడు. మంచిపని చేసినావు నాయనా అని ఆమె మళ్ళీ కుట్టుకుంది. ఎప్పుడూ అంతే, గెలుపు సంగతి అడగదు, పక్కనున్న సంగతి అడుగుతుంది, ఎద్దుకు దెబ్బ తగిలిందా, కప్పు ఇచ్చినారన్నావే, దానికి కళాయి వేయించినావా అని. కళాయి పని తనది. కోటలో వాళ్ళది తరతరాలుగా కళాయి వేసే ఇల్లు; తాత కళాయి వేసిన డేగిసాలో సూర్యుడు తన మొహం చూసుకొని జడిసి మబ్బు చాటుకు పోయాడని నాన్న చెప్పేవాడు, ఇంట్లో ఒక్కరూ అదేంటని అడగలేదు, కాబట్టి ఈ కోతల రోగం ఒంటికి పుట్టుకతో వచ్చిందే.

ఇప్పుడు ఆ అత్త అల్లుడి కోసం వచ్చి కూర్చుంది. ఛాంపియన్ అల్లుడు ఆఖరు రోజున బిట్రగుంటలో రైలు దిగి తిన్నగా గోదాలోకే వస్తాడని బీజాన్ చేత చెప్పించాడు. వాడెక్కడని అడిగితే బీజాన్ ఏదో చెప్పి తప్పించాలి. ఇక ముసుగు. దాన్ని తలుచుకుంటే ఇంకో దిగులు. నరసయ్య కొన్న నల్లగుడ్డ చెమటకు రంగు దిగి మొహమంతా పాకుతుంటే, బీజాన్ పెట్టెలోంచి మెరూన్ మఖమలు ముక్క తీసి ఈ ఊరి ఆటకని కుట్టిచ్చింది. ఏ పెట్టెలోది అంటే అమ్మ పీలికల పెట్టెలోది అంది. మీ అమ్మ కనిపెట్టదా అంటే, అమ్మకు వెయ్యి పీలికలుండాయి, ఇదొకటి గుర్తుంటుందా అంది. ఆ మాట అప్పుడు సబబుగానే తోచింది. వెయ్యి పీలికలున్నవాళ్ళకు ఒకటి గుర్తుండదని, బొంతలు కుట్టే ఇంట్లో పుట్టిన పిల్లా, కళాయి వేసే ఇంట్లో పుట్టిన పిల్లాడూ కలిసి ఎట్లా నమ్మారో ఆ అల్లాకే తెలియాలి. కోటలో నాన్న, ముంతల కుప్పలోంచి ఎవరి ముంత ఏదో మూతి తడిమి చెప్పేవాడు.

మస్తానయ్య మోకాలు తీశాడు. అంటే విశ్రాంతి అయిపోయింది. లేవాలి, కుప్పిగంతు వేయాలి, కంట్లో ఇసుక కొట్టినట్టు చేయాలి, జనం తిట్టాలి. తిట్టారు. నీ పాడె గట్ట అన్నారు, నీ బర్మా బుగ్గిగాను అన్నారు, మగాళ్ళ వైపు నుంచి ఒక తాటిముంజె తొక్క వచ్చి భుజానికి తగిలింది. తిట్టు అంటే ఇతరులకు ఏమో గానీ అల్లావుద్దీన్‌కు వేడినీళ్ళు పోసుకున్నట్టు ఉంటుంది. ఆ తిట్టంతా మస్తానయ్యకు చప్పట్లుగా మారుతుంది, తాను ఎంత చెడ్డవాడైతే అతను అంత మంచివాడు. మస్తానయ్య కసుమూరు మస్తాన్ స్వామికి మొక్కుకొని కన్న బిడ్డ, మాగాణి ఉన్న ఇంటివాడు, ఎద్దుకున్నంత బలం, కానీ కుస్తీ చూపించటం రాదు. వచ్చిన కొత్తలో నిజంగానే విసిరేసేవాడు. విసిరేది నువ్వు కాదబ్బయా, ఎగిరేది నేను, నువ్వు ఊరికే దోవ చూపించు అని చెప్పి చెప్పి, ఒకే పళ్ళెంలో తినిపించి తయారుచేశాడు. ఇప్పటికీ వాడికి పడటం మాత్రం రాదు. వాణ్ణి పడేస్తే గడ్డిమోపు బండి మీంచి జారినట్టు పడతాడు.

మొహం మీద ఏదో జారుతోంది. అది చెమట కాదు, మైదా గంజి. ముసుగు కింద మొహం లేదని చెప్పినందుకు, ప్రతి ఊళ్ళో ఆఖరు రోజు గంజి ఉడికించి పూసి, పసుపులో సున్నం కలిపిన ఎరుపు అక్కడక్కడ పెట్టి, ఎండనిస్తారు, చర్మం ముడతలు పడి కాలిపోయిన మొహంలా ఉంటుంది, ఆడవాళ్ళు కళ్ళు మూసుకుంటారు. ఇవాళ రెండు పూతలు పూయించుకున్నాడు. అత్త గుర్తుపట్టకపోతే చాలు. గుర్తుపట్టకపోతే రేపు పొద్దున తెల్లచొక్కా తొడుక్కొని ఇంటికి పోయి, రైలు అందలేదత్తా, ఇంజనుకు నీళ్ళు లేక నేనే బావిలోంచి తోడాను అని మొదలుపెట్టవచ్చు. కానీ ఈ ఉప్పుగాలికి గంజి ఎండలేదు, మఖమలు కింద ఉడికి, ముక్కు పక్కనుంచి గడ్డం దాకా దారి చేసుకుంటోంది. ఎరుపు పెదాల మీదికి వచ్చింది. ఉప్పగా, సున్నంగా. పోయింది, ఒక పూత పోయింది. ఇంకో పూత ఉందా? నాలుకతో తడిమాడు. మీసం తగిలింది, తన మీసమే.

మస్తానయ్య నడుం పట్టి ఎత్తాడు, తూర్పు మూలకు విసిరాడు. అంటే అల్లావుద్దీన్ ఎగిరాడు. ప్రతి రోజూ ఆ మూలకే, సముద్రం వైపు ఎండ కళ్ళలో పడదు కాబట్టి. మొదటి రోజు ఆ మూల అందరి మూలల్లాంటిదే, గడ్డి, దాని కింద గట్టి పొలం నేల. రాత్రి వీపుకు ఆముదం రాసుకున్నాడు. నిన్న పడ్డప్పుడు ఆశ్చర్యం, మూల మెత్తగా ఉంది. ఎవరో ఊరివాళ్ళు ఒక పాత పరుపు తెచ్చి పట్టా కింద పెట్టిపోయారని గడ్డి పరిచేవాడు చెప్పాడు. మస్తానయ్య కోసం తెచ్చుంటారులే, వాళ్ళకు కావలసినవాడు అతనే గదా, మూల తప్పు పెట్టారు పాపం అనుకున్నాడు. తప్పైనా ఎంత సుఖం. ఇవాళ కూడా వీపు తాకగానే పట్టాలోంచి చిన్న చిన్న ముడులు తెలిశాయి, పరుపుకు మధ్యమధ్య దారం లాగి బిగించే ముడులు. ఒక క్షణం అట్లాగే పడుకొని ఆకాశం చూశాడు. కొంగలు పోతున్నాయి, చెరువుకు కావచ్చు. ఎంత మంచి ఉద్యోగం ఇది, సాయంత్రంపూట ఆకాశం చూసినందుకు అన్నం పెడతారు. అప్పుడు చూపు వాలి ఆడవాళ్ళ వైపు పోయింది. అత్త సూది ఆగి ఉంది. అతను కాలు కదిలించాడు. సూది మళ్ళీ కదిలింది.

ఈ సంగతి బుర్రలోకి పూర్తిగా దిగకముందే నరసయ్య గొట్టం ఎత్తాడు. అల్లూరు మహాజనులారా, సమయం వచ్చినాది, గుండెజబ్బులవాళ్ళు, పచ్చిబాలింతలు పక్కకు తిరగండి, మొహం లేని మొహం చూడబోతున్నారు. డప్పు. మస్తానయ్య అతని మీద కూర్చున్నాడు, ఈసారి మోకాలు కాదు, రెండు చేతులూ ముసుగు అంచున వేశాడు. ఎప్పుడూ చర్రున చింపటమే పద్ధతి, చినిగిన చప్పుడుకే సగం డబ్బు వస్తుందంటాడు నరసయ్య. నల్లగుడ్డయితే చించేవాళ్ళు. అల్లావుద్దీన్ కళ్ళు మూసుకున్నాడు, పూరీలు కనిపించాయి, కీమా కనిపించింది, ఊఁ అన్న తన నోరు కనిపించింది.

"చింపబాక నాయనా."

డప్పు ఆగింది. ఆ గొంతు అతనికి తెలుసు.

"చింపబాక. అది నా పెళ్ళినాటి మఖమలు రవిక. ఎనకపక్క ముడుండాది చూడు, ఇప్పదీసుకో. కుట్టు నా కూతురిదే, అందుకే వంకరగుండాది."

మస్తానయ్య ఎప్పుడూ పెద్దవాళ్ళ మాట కాదనడు. అతని వేళ్ళు వెనక్కు పోయాయి, ముడి వెతికాయి, నెమ్మదిగా విప్పాయి. ఊరంతా మెడలు చాచి, అన్నం సయించని మొహం కోసం ఊపిరి బిగబట్టి ఉంటే, గంజి కారిపోయిన కళాయివాళ్ళ అబ్బాయి మొహం ఎర్రగా, తెల్లగా, మీసాలతో బయటికి వచ్చి, ఎండకు కళ్ళు చిట్లించింది. మస్తానయ్య ఆ మఖమలును మడత పెట్టి తన మొలలో భద్రంగా దోపుకున్నాడు. మొదట నవ్వింది బీజాన్. కొంగు ఇక ఆగలేదు.

"బీజాన్ మొగుడు గదంటయ్యా," అన్నారెవరో మగాళ్ళలో.

"అవునయ్యా, మన పరుపుల హుస్సేన్ సాహెబ్ అల్లుడే."

ఆమినాబీ పక్కన కూర్చున్న వెంకటశేషమ్మ, వాళ్ళ వీధిలో పొలమూ పాడీ ఉన్న ఇంటావిడ, అంతమందిలోనూ వినపడేటట్టు అడిగింది. "ఏమే ఆమినాబీ, ఛాంపియనని చెప్పినావే మాకందరికీ?"

ఆమినాబీ సూదికి దారం ఎక్కించుకుంటూ ఉంది. తల ఎత్తలేదు. "ఛాంపియనే. పడేదాంట్లో. మొన్నటాల నుంచి చూస్తుండావు గదా, నీ మొగుణ్ణి ఒక్కసారి మీ గడ్డివాము మీంచి అట్టా పడి లెయ్యమను చూద్దాం."

నవ్వు ఆడవాళ్ళ వైపు పుట్టి మగాళ్ళ వైపు పాకింది. మొన్నటి నుంచి. ఆ మాట అల్లావుద్దీన్ చెవిలో పడి అక్కడే కూర్చుంది. అంటే మొదటి రోజే. మొదటి రోజే మఖమలు గుర్తుపట్టి, మఖమలు కింద మనిషిని గుర్తుపట్టి, వాడు ఏ మూల పడతాడో చూసుకొని పోయింది. మర్నాటికి ఆ మూలకు పరుపు వచ్చింది. వీపు కింద ముడులు. అత్తగారింట్లో తమకు వేసే పరుపుకూ ఇంతింత దూరంలోనే ఉంటాయి ముడులు, ఆమె జానతో కొలుస్తుంది. మద్రాసువాడి కథ చెబుతుంటే పిండి సంగతి అడిగిన మనిషి. ఆమెకు ఎప్పుడు తెలియదు గనక.

ఇప్పుడు ఊరు ఊరంతా లేచింది. మా ఊరల్లుణ్ణి మా ఊళ్ళోనే కొడతారంటయ్యా అని ఒకరు, ఇందాక ముంజె తొక్క వేసినవాడే, గెలిపియ్యండి మా అల్లుణ్ణి అని. నరసయ్య గొట్టం నోటి దగ్గరే ఉంది, లోపల మాట లేదు. రంగూను దుంగనూ అల్లూరు పరుపుల ఇంటినీ కలిపే కథ ఇంకా పుట్టలేదు. మస్తానయ్య వంగి చెవి దగ్గర అన్నాడు:

"ఈ పూటకు నువ్వు గెలువన్నా. నేను పడతా. మీ అత్త చూస్తావుంది."

గెలవటం. ఎట్లా ఉంటుందో అది. ఎత్తినాక చేతులు ఎక్కడ పెట్టుకోవాలో, మొహం ఎటు తిప్పాలో, ఇన్నేళ్ళుగా కింద నుంచే చూశాడు గానీ పైన నిలబడింది లేదు. ఒక్కపూట, ఒక్క ఊళ్ళో, చెప్పిన అబద్ధమంతా నిజమైపోతుంది. ఒక క్షణం నిజంగానే ఆశపడ్డాడు, అబద్ధం ఎందుకు. తర్వాత మస్తానయ్య పడటం గుర్తొచ్చింది, గడ్డిమోపు. అత్త అటే చూస్తోంది. ఆమె పరుపు తెచ్చింది గెలిచేవాడి కోసం కాదు.

"నువ్వు పడితే ఎముక ఇరుగుద్ది, చూసేవాళ్ళకూ బాగుండదు. నన్నెత్తు."

"యాడికెయ్యను?"

"తెలీదా? తూర్పు మూలకు. పైకెత్తు ఈసారి."

మస్తానయ్య ఎత్తాడు. ముసుగు లేదు కాబట్టి గాలి మొహానికంతా తగిలింది, గంజి ఎండి బిగుసుకుంది, అల్లావుద్దీన్ ఎగిరాడు. అంత పైకి ఎగిరినవాణ్ణి అల్లూరు ఇంతవరకూ చూడలేదు. తాటిమట్టల కంచె పైనుంచి నూర్చిన పొలాలు, వాటవతల ఇసకపల్లి తెరచాపలు, ఇంకాస్త ఆగితే రంగూను కూడా కనిపించేదని అతనే తర్వాత చెప్పుకున్నాడు. కింద నరసయ్యకు మాట వచ్చింది, అత్తవారి ఊరు వెతుక్కుంటూ సముద్రం ఈదుకొచ్చిన భూతమయ్యా ఇతను అంటున్నాడు, జనం ఔనంటున్నారు. బీజాన్ నోరు తెరిచి ఉంది. ఆమె పక్కన ఒళ్ళో పీలికల మధ్య సూది ఆగి ఉంది. అతను గాలిలోనే భుజం సర్దుకున్నాడు, గడ్డం లోపలికి పెట్టుకున్నాడు, చేతులు చాచాడు, తండ్రి డేగిసాను ఆఖరిసారి తుడిచి బోర్లించినంత నిదానంగా వెల్లకిలా పడ్డాడు.

విజిల్ ఊదేవాడు ఊదాడు, మళ్ళీ ఊదాడు. అల్లావుద్దీన్ లేవలేదు. మెత్తగా ఉంది. ఆ అదురుకు తన ఇంట్లో మర్నాటికని రుబ్బి పెట్టుకున్న పిండి కుంగిపోయిందని వెంకటశేషమ్మ చాలా కాలం చెప్పుకుంది. ఆ రాత్రే మళ్ళీ రుబ్బి ఇచ్చింది మాత్రం ఆమినాబీయేనట.